చంక దిగిన తమ్ముడు

తెలుగునాట ఆడపిల్ల చదువు – 9వ భాగం

ఏటా ఎండలు ముదిరే వేళకు పదో తరగతి ఫలితాలు వస్తాయి. మర్నాడు పేపర్లో శీర్షిక ఏముంటుందో పేపరు విప్పకుండానే చెప్పేయవచ్చు: ‘బాలికలదే పైచేయి’. కాస్త కొత్తదనం కావాలనుకున్న సబ్ ఎడిటరు ముందు ‘మళ్లీ’ అనో ‘ఈసారీ’ అనో ఒక మాట తగిలిస్తాడు, అంతే. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో ఆడపిల్లలు 89.17 శాతం, మగపిల్లలు 84.32 శాతం గట్టెక్కారు. అదే ఏడు తెలంగాణలో ఆడపిల్లలు 93.23, మగపిల్లలు 89.42. అంకెలు ఏటికేడాది మారతాయి గానీ వరస మారదు.

ఇదే శీర్షికను 1961లో ఎవరైనా అచ్చు వేసి ఉంటే అచ్చుతప్పు అనుకునేవారు. ఆ ఏటి జనాభా లెక్కల్లో ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్లలో చదవను రాయను వచ్చినవారు నూటికి 12 మంది.

గత ఎనిమిది భాగాల్లో మనం నడిచి వచ్చిన దారి అంతా ఆ పన్నెండుగురి దారే. 1874లో ధవళేశ్వరంలో కందుకూరి వీరేశలింగం పెట్టిన బాలికల బడి, హైదరాబాదు నారాయణగూడ బాలికల బడిలో మాడపాటి హనుమంతరావు తెలుగు మాధ్యమం కోసం పడిన పాట్లు, నిజాం సర్కారు గుర్తింపు లేక ఆ బడి ఎక్కడో పూనాలో ఉన్న కార్వే మహిళా విశ్వవిద్యాలయాన్ని ఆశ్రయించడం, మద్రాసులో ఆడపిల్లలను బెనారస్ మెట్రిక్‌కు కూర్చోబెట్టిన దుర్గాబాయి ఆంధ్ర మహిళా సభ, ఇవన్నీ గొప్ప కథలు. అయితే వీటిలో ఏ కథలోనూ ఆ పిల్ల ఇంట్లో నీళ్లు ఎవరు మోశారన్న ప్రశ్న రాలేదు. మోసే మనుషులు వేరే ఉన్న ఇళ్లు అవి. ఈ భాగం నీళ్లు మోసిన పిల్లల గురించి.

రెండో భాగంలో చెప్పుకున్న భండారు అచ్చమాంబ మీకు గుర్తుండే ఉంటుంది. ఆమె బడి మొహం చూడలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన చేరి చదువు పట్టింది. ఆ చదువుతోనే తెలుగు కథకు, స్త్రీల చరిత్రకు తొలి పుటలు రాసింది. అచ్చమాంబకు చదువు తమ్ముడి పక్కన దొరికింది. ఆ తరవాత డెబ్బై ఎనభై ఏళ్లు లక్షలాది అక్కలకు చదువు ఆ తమ్ముడి వల్లే పోయింది. తప్పు వాడిది కాదు పాపం, వాడు చంకలో ఉన్నాడు.

పదేళ్ల పిల్ల పొద్దు

మా పెద్దమ్మ ఏడుగురిలో పెద్దది. అయిదో తరగతిలో బడి మానింది. ‘మానేశావా, మాన్పించారా’ అని ఒకసారి అడిగితే చాలాసేపు ఆలోచించింది. ‘ఎవరూ మానమనలేదురా. వెళ్లడం కుదరలేదంతే’ అంది. నాలుగో తరగతి దాకా రెండో తమ్ముణ్ని చంకనేసుకుని బడికి వెళ్లేదట. వాడు ఏడుపు అందుకుంటే పంతులుగారు బయటికి పొమ్మని సైగ చేసేవారు. అరుగు మీద వాణ్ని ఆడిస్తూ, లోపల పిల్లలు అరుస్తున్న ఎక్కాలు కిటికీలోంచి విని నేర్చుకుంది. పద్నాలుగో ఎక్కం దాకా ఇప్పటికీ నీళ్లలా చెబుతుంది. పదిహేనోది రాదు. పదిహేనో ఎక్కం మొదలయ్యే రోజులకు మూడో తమ్ముడు పుట్టాడు.

అరవైల్లో ఒక మామూలు రైతుకూలీ ఇంట్లో పదేళ్ల ఆడపిల్ల పొద్దు ఎలా గడిచేదో లెక్క వేసి చూడండి. తెల్లారకముందే వాకిలి ఊడ్చి కల్లాపి చల్లాలి. పేడ ఎత్తి పిడకలు కొట్టాలి. ఊరబావి నుంచి రెండు మూడు సార్లు బిందె మోయాలి, ఎండాకాలమైతే బావిలో నీళ్లు ఊరేదాకా అక్కడే కూర్చోవాలి. అమ్మ నాట్లకో కలుపుకో వెళ్లేసరికి చంటివాడు అక్క చంకకు మారతాడు. పొద్దెక్కాక చేనుకు అంబలి పట్టుకెళ్లాలి. తిరిగొచ్చేటప్పుడు చేతులు ఊపుకుంటూ రాకూడదు, పుల్లలో కంపో నెత్తిన పెట్టుకు రావాలి. సాయంత్రం దీపం పెట్టే వేళకు పొయ్యి రాజేసి ఉండాలి. పది నుంచి నాలుగు దాకా నడిచే బడి ఈ పొద్దులో ఎక్కడ ఇరుకుతుంది?

అయినా ఆ పిల్లను జనాభా లెక్కల వాళ్లు ‘పనిచేసేవారు’ కింద రాసుకోలేదు. ఇంటిపని వాళ్ల పట్టికలో పని కాదు. బడి హాజరుపట్టీలో మాత్రం ఒకటో తరగతిలో పేరు ఉండేది, రెండులో సగం రోజులు ఉండేది, అయిదుకు వచ్చేసరికి గీత పడేది. పద్నాలుగేళ్ల దాకా అందరికీ ఉచిత నిర్బంధ విద్య పదేళ్లలో అందిస్తామని రాజ్యాంగం 1950లో మాట ఇచ్చింది. 1960 వచ్చింది, వెళ్లింది. ఊళ్లో బడి ఉంది, పంతులు ఉన్నాడు, ఫీజు లేదు. పిల్లకు తీరిక లేదు.

చంకలో తమ్ముడు కాస్త ఎదిగి నడక నేర్చేలోపు పిల్ల పెద్దమనిషయ్యేది. ఇక ఆ తలుపు మూసుకుపోయినట్టే. ‘ఆడపిల్ల అంటే ఆడ పిల్లే గానీ ఈడ పిల్ల కాదు’ అనే మాట, ‘ఉద్యోగాలు చేయాలా ఊళ్లేలాలా’ అనే మాట మన ముసలివాళ్లు సామెతల్లా వాడేవారు. నా ఉద్దేశంలో ఆ సామెతలకు మనం ఇచ్చే గౌరవం కాస్త ఎక్కువ. అవి కారణాలు కావు, సాకులు. అమ్మ కూలికి వెళ్తే తప్ప పొయ్యి రాజని ఇంట్లో పిల్ల బడి మానడానికి సామెత అవసరం లేదు. మాన్పించాక నొప్పి తెలియకుండా ఉండటానికే అవసరం.

ఇద్దరు చాలు

తమ్ముడు చంక ఎలా దిగాడు? మొట్టమొదటి జవాబు, అసలు పుట్టకపోవడం వల్ల.

తెలుగుదేశంలో కుటుంబాలు కుంచించుకుపోయిన వేగాన్ని చరిత్ర పుస్తకాలు ఒక పేరాలో దాటేస్తాయి. నిజానికి ఇరవయ్యో శతాబ్దం చివర మన పల్లెల్లో జరిగిన అతిపెద్ద మార్పు అదే కావచ్చు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మొదటి విడత 1992–93లో జరిగింది. అప్పటికి ఆంధ్రప్రదేశ్‌లో ఒక స్త్రీకి సగటున 2.59 మంది పిల్లలు. 1998–99కి 2.25. 2005–06కి 1.79. కేరళ, తమిళనాడు కూడా ఈ దారిన నడిచినవే గానీ అక్కడ ఆడవాళ్లు ముందు చదువుకుని తరవాత పిల్లలను తగ్గించుకున్నారు. మన దగ్గర వరస తిరగబడింది. చదువురాని తల్లులే ఇద్దరితో ఆపేశారు. చదువు ఆ ఇద్దరికీ వచ్చింది.

ఆపేశారు అన్నానే, ఎలా ఆపారో కూడా చెప్పాలి. ఆపరేషన్. అదీ ఆడవాళ్లకే. మగవాళ్ల ఆపరేషన్ లెక్కలో ఆనదు. ఇరవై ఏళ్లు నిండకముందే పెళ్లి, వెంటనే ఇద్దరు పిల్లలు, పాతికేళ్లు రాకముందే ప్రభుత్వ ఆసుపత్రి శిబిరంలో వరసగా పడుకోబెట్టి కోత. మూడో రోజున కలుపుకు వెళ్లిన తల్లులు ఉన్నారు. ఈనాటి పదో తరగతి ఫలితాల పట్టిక వెనక ఆ కోత ఉంది. దాన్ని ఏ విద్యాశాఖ నివేదికా లెక్కలో వేయదు.

చిన్న కుటుంబం రెండువైపులా పదునున్న కత్తి. ఇద్దరే అనుకున్నప్పుడు ఒకరైనా కొడుకు కావాలన్న పట్టు బిగుసుకుంది. స్కానింగ్ యంత్రం దానికి తోడయింది. 1994లో లింగనిర్ధారణ నిషేధ చట్టం వచ్చినా, ఉమ్మడి రాష్ట్రంలో ఆరేళ్లలోపు మగపిల్లలు వెయ్యిమందికి ఆడపిల్లలు 1991లో 975 మంది ఉంటే, 2001కి 961, 2011కి 939 అయ్యారు. పుట్టనిచ్చిన ఆడపిల్లను మాత్రం బడికి పంపారు. ఈ రెండు వాక్యాలూ ఒకే ఇంటివి, ఒకే పదేళ్లవి. వీటిని విడదీసి ఒకదాన్ని ప్రగతి అధ్యాయంలో, ఇంకోదాన్ని దురాచారాల అధ్యాయంలో పెట్టే అలవాటు మనకుంది. నేను పక్కపక్కనే పెడుతున్నాను.

పుట్టిన తమ్ముణ్ని దింపడానికి ఒక చోటు కూడా దొరికింది. 1975లో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం అంగన్వాడీలు ఒక్కో ఊరికీ విస్తరించాయి. పౌష్టికాహారం, టీకాలు అని కాగితాల మీద ఏం రాసి ఉన్నా, ఊరి ఆడపిల్ల దృష్టిలో అంగన్వాడీ అంటే తమ్ముణ్ని దింపి బడికి పరుగెత్తే గది. చేతిపంపు, తరవాత రక్షిత మంచినీటి ట్యాంకు వీధి కొళాయి బిందె దూరాన్ని తగ్గించాయి. 1999లో పొదుపు సంఘాల మహిళలకు వంటగ్యాస్ కనెక్షన్లు ఇచ్చిన ‘దీపం’ పథకం పుల్లల మోతను కొంత తప్పించింది. కొంతే. సిలిండరు అయిపోతే మళ్లీ కట్టెలే అన్న ఇళ్లు ఎన్నో. అయినా ఎవరి పొద్దులోనైనా రెండు గంటలు ఖాళీ అయితే ఆ రెండు గంటలే బడి.

రాత్రి బడిలో అమ్మలు

రెండో జవాబు నెల్లూరు జిల్లాలో ఉంది. అక్కడ బడికి వెళ్లింది పిల్ల కాదు, అమ్మ.

1991 జనవరిలో ఆ జిల్లాలో ‘అక్షర దీపం’ పేరుతో అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. పగలంతా పొలాల్లో వంగిన ఆడవాళ్లు రాత్రి లాంతరు చుట్టూ చేరి పలకలు పట్టారు. వాళ్ల చేతికిచ్చిన వాచకంలో ‘అ అంటే అమ్మ’ తరహా పాఠాలతో పాటు వాళ్ల బతుకు పాఠాలూ ఉన్నాయి. తాగుడుకు ఇల్లు గుల్లయిన సీతమ్మ కథ వాటిలో ఒకటి. కూడబలుక్కుని చదవడం పూర్తయ్యేసరికి ఆ గుంపులో ప్రతి ఒక్కరూ ‘ఇది మన కథే’ అన్నారు. అసలు ఆ పాఠం రాసిన వాళ్లు అంత ఊహించి ఉంటారా అని నా అనుమానం. దూబగుంటలో ఆడవాళ్లు ఊళ్లోకి సారా రాకుండా అడ్డం నిలబడ్డారు. వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది, దూబగుంట రోశమ్మగా. ఆ ఊరి కథే తరవాతి వాచకంలో పాఠమై పక్క ఊళ్లకు పాకింది. 1992లో సారా వేలంపాటలను ఆడవాళ్లు అడ్డుకున్నారు, పాటలు వాయిదా మీద వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అదే ఏడు అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం పెట్టింది. 1997లో అది సడలింది. సారా పోయి బ్రాందీ వచ్చిందని ఎద్దేవా చేసేవాళ్ల మాటలో నిజం లేకపోలేదు.

మరి ఆ పోరాటం ఆడపిల్లల చదువుకు ఏం చేసింది? సారా ఆగింది కాబట్టి ఫీజు కట్టారు అన్నట్టు తేలికగా కూడికలు వేయడం నాకు ఇష్టం లేదు. అయితే ఆ రాత్రి బడి నుంచి ఒక అలవాటు పుట్టింది, కూర్చుని మాట్లాడుకునే అలవాటు. దాని వెంటే నెల్లూరులో రోజుకో రూపాయి లెక్కన ‘పొదుపు లక్ష్మి’ సంఘాలు లేచాయి, రాష్ట్రమంతటా డ్వాక్రా సంఘాలు బలిశాయి. వారానికోసారి చాప మీద కూర్చుని డబ్బు లెక్కపెట్టే ఆడవాళ్లకు ఇంట్లో ఒక మాట హక్కు వచ్చింది. బ్యాంకు గుమ్మం ఎక్కాల్సి వచ్చింది, వేలిముద్ర వేస్తే పక్కనున్నవాళ్లు నవ్వారు, సంతకం నేర్చుకున్నారు. సంఘం లెక్కల పుస్తకం రాయడానికి చదువుకున్న మనిషి కావాలి. చాలా ఊళ్లలో ఆ మనిషి సభ్యురాలి కూతురే, ఏడో తరగతో ఎనిమిదో తరగతో చదువుతున్న పిల్ల. తల్లి జీవితంలో మొదటిసారి కూతురి చదువు ఆ ఇంటికి అక్కరకొచ్చింది, అదీ కళ్లెదుట, పదిమందిలో.

1991లో ఉమ్మడి రాష్ట్రంలో ఏడేళ్లు దాటిన ఆడవాళ్లలో అక్షరాస్యులు 32.72 శాతం. 2001కి 50.43. పదేళ్లలో దాదాపు 18 పాయింట్లు. అదే పదేళ్లలో మగవాళ్లు 55.13 నుంచి 70.32కి పెరిగారు, ఆడవాళ్లంత కాదు. అంతకు ముందు ముప్ఫై ఏళ్లు నత్తనడక నడిచిన అంకె ఈ పదేళ్లలో పరుగు పెట్టింది.

పత్తి మొగ్గల వెనక

ఇంటిపని తగ్గినంత మాత్రాన పిల్ల బడికి వెళ్లిపోతుందా? తొంభైల్లో పాత పనుల చోట ఒక కొత్త పని పుట్టింది. ఉమ్మడి మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల ఊళ్లలో దాన్ని ‘క్రాసింగ్’ అన్నారు.

హైబ్రిడ్ పత్తి విత్తనం తయారీ అంతా చేతిపనే. సాయంత్రం పూట, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను ఎంచి, గోటితో పైరేకలు ఒలిచి, లోపలి పుప్పొడి కేసరాలను గిల్లేయాలి. కీలాగ్రం దెబ్బ తినకూడదు. పొద్దున్నే మగ మొక్కల వరస నుంచి పూలు కోసుకొచ్చి, నిన్న ఒలిచిన ప్రతి మొగ్గకూ ఆ పుప్పొడి అద్దాలి. ఎకరం చేలో ఇలా రోజూ వేల మొగ్గలు, రెండు మూడు నెలలు విరామం లేకుండా. దీనికి ఆడపిల్లలను, ఏడేళ్ల నుంచి పద్నాలుగేళ్ల వాళ్లను పెట్టుకున్నారు. సన్న వేళ్లు, మొక్క ఎత్తుకు సరిపోయే మనిషి, చెప్పినట్టు వింటారు అని రైతులు చెప్పే కారణాలు. చెప్పని కారణం, పెద్దవాళ్ల కూలిలో సగమిస్తే సరిపోతుంది. అడ్వాన్సు వేసవిలోనే తండ్రి చేతిలో పడేది. బడి తెరిచేసరికి పిల్ల అమ్ముడై ఉండేది. క్రాసింగ్ ముగిసేసరికి క్వార్టర్లీ పరీక్షలు అయిపోయేవి, బడిలో పేరు గీత పడేది.

ఇక్కడే శాంతా సిన్హా నడిపిన ఎం.వి. ఫౌండేషన్ పని గురించి చెప్పాలి. 1991 నుంచి రంగారెడ్డి జిల్లా ఊళ్లలో వాళ్లు మొదట తేల్చుకున్నది ఒక నిర్వచనం. 1986 బాలకార్మిక చట్టం బాణసంచా, బీడీ వంటి ప్రమాదకర పనుల జాబితా ఇచ్చి, ఆ జాబితాలో ఉంటేనే నిషేధం అంది. పొలం పని, ఇంటి పని జాబితాలో లేవు. అంటే చట్టం కళ్లకు తమ్ముణ్ని ఎత్తుకున్న అక్క కనబడదు. బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికురాలే అని ఫౌండేషన్ అంది. అంత చిన్న మాటతో, ఎన్నడూ కూలి తీసుకోని లక్షలమంది ఆడపిల్లలు ఒక్కసారిగా లెక్కలోకి వచ్చారు. పదకొండు పన్నెండేళ్ల పిల్లను ఒకటో తరగతి చిన్నపిల్లల పక్కన కూర్చోబెడితే సిగ్గుతో రెండో రోజే పారిపోతుందని తెలిసి, శిబిరాలు పెట్టారు. అక్కడే ఉండి, కొన్ని నెలల్లో వయసుకు తగ్గ తరగతికి తయారయ్యే బ్రిడ్జి కోర్సు. శిబిరంలో మొదటి వారం చాలామంది పిల్లలకు పగలు ఖాళీగా కూర్చోవడమే చేతకాలేదని అక్కడ పనిచేసినవాళ్లు చెబుతారు. చేతులు ఏదో ఒకటి వెతికేవట. ఈ పనికి 2003లో శాంతా సిన్హాకు రామన్ మెగసెసె పురస్కారం వచ్చింది. ఆ ఏడు జనవరిలోనే, సుప్రీంకోర్టు ఆదేశం మీద, రాష్ట్రంలోని సర్కారు బళ్లలో మధ్యాహ్నం వేడి అన్నం మొదలైంది. పదింటికి చేనుకు అంబలి మోసే పిల్లకు పన్నెండున్నరకు తన కంచం ముందు కూర్చునే వేళ వచ్చింది.

ఊరు దాటిన దారి

అయిదో తరగతి తరవాత ఇంకో గండం. హైస్కూలు పక్క ఊళ్లో ఉంటుంది. మగపిల్లాడు సైకిలెక్కి పోతాడు. ఆడపిల్లను పంపాలంటే దారి పొడుగునా ఎవరెవరు చూస్తారో ఇంటిల్లిపాదీ లెక్క వేయాలి. 1985లో తాలూకాలు పోయి మండలాలు రావడాన్ని మనం పాలనా సంస్కరణగా చదువుకున్నాం. ఆడపిల్ల వైపు నుంచి చూస్తే అది దూరం తగ్గడం. మండల కేంద్రం అంటే ఆఫీసులు, ఆఫీసుల వెంట రోడ్డు, రోడ్డు వెంట బస్సు, ఆ వెనకే హైస్కూలు, జూనియర్ కాలేజీ. పదో తరగతి దాకా ఆడపిల్లకు ఆర్టీసీ ఉచిత పాసు ఇచ్చింది. పల్లెవెలుగు బస్సులో పొద్దున ఎనిమిదిన్నరకు కిక్కిరిసిన నీలం తెలుపు యూనిఫాంలను చూసే ఉంటారు. ఆ పాసు మీద అంటించిన పాస్‌పోర్టు సైజు ఫొటో చాలామంది పిల్లల జీవితంలో మొదటి ఫొటో.

బస్సు రాని చోట్ల హాస్టళ్లు, గురుకులాలు నిలిచాయి. దళిత, గిరిజన ఇళ్ల నుంచి ఆడపిల్లలు పదో తరగతి దాటడానికి సాంఘిక సంక్షేమ గురుకులాలు చేసిన పనికి విడిగా ఒక భాగం కావాలి, రాస్తాను కూడా. 2004లో కేంద్రం మొదలుపెట్టిన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు మధ్యలో మానేసిన పిల్లల కోసమే పెట్టినవి. గురుకులం ఏం చేసిందని ఒక్క ముక్కలో అడిగితే, ఇంటిపని అందని చోటికి పిల్లను తీసుకుపోయింది అంటాను. నిజామాబాద్ జిల్లా పాకాలలో పుట్టిన మాలావత్ పూర్ణ తాడ్వాయి గురుకులం విద్యార్థిని. 2014 మే 25న పదమూడేళ్ల పదకొండు నెలల వయసులో ఎవరెస్టు ఎక్కింది. ఊళ్లో ఉండి ఉంటే ఆ ఈడుకు ఆమె ఏం ఎక్కేదో మీరే ఊహించుకోండి.

చదివాక ఏమిటి అన్నదానికీ జవాబులు కనబడసాగాయి. ప్రభుత్వోద్యోగాల భర్తీలో ఆడవాళ్లకు 30 శాతం కేటాయింపు 1984లో వచ్చింది. కోర్టుకెక్కితే 1995లో సుప్రీంకోర్టు సరేనంది. దాంతో ఊరి బడిలోకి పంతులమ్మ వచ్చింది. పంతులమ్మ ఉన్న బడికి పిల్లను పంపడానికి తండ్రికి అంత బెరుకుండదు. తరవాత హైదరాబాదులో సాఫ్ట్‌వేర్, 2008 ప్రాంతంలో ఫీజు రీయింబర్స్‌మెంట్. ఇంజినీరింగ్ సీటు ఆడపిల్ల ఇంటికీ అందింది. అమెరికా సంబంధాల వాళ్లు ‘పిల్ల బీటెక్కా’ అని అడగడం మొదలెట్టాక, కట్నానికి దాచిన డబ్బులో కొంత కాలేజీకి మళ్లింది. ఇది ఆశయం కాదు, పెళ్లి బజారు గిరాకీ. చరిత్రలో మంచి పనులు ఇలాంటి కారణాలతోనే ఎక్కువ జరుగుతాయి, మొహమాటపడి దాచుకోనక్కర్లేదు.

ఇక ఆ శీర్షిక దగ్గరికి

బడి దాకా చేరారు సరే, మగపిల్లలను దాటి ఎలా పోయారు? ఆడపిల్లలకు బుద్ధి ఎక్కువ, శ్రద్ధ ఎక్కువ అని ఫలితాల రోజున టీవీల్లో మెచ్చుకుంటారు. నాకు తోచింది వేరు. పదో తరగతి తప్పిన మగపిల్లాడికి వంద దారులు: మెకానిక్ షెడ్డు, ఆటో, సెల్‌ఫోన్ రిపేరు, హైదరాబాదు బస్సు, గల్ఫ్ వీసా. చదువుకుంటున్న రోజుల్లోనూ వాడికి సెంటరు ఉంది, క్రికెట్టు ఉంది, రాత్రి తొమ్మిది దాకా అడిగేవాళ్లు లేరు. ఆడపిల్లకు ఇంటి నుంచి బయటికి ఒక్కటే తలుపు, బడి. పరీక్ష తప్పితే ఆ తలుపు మూసి వెనక పెళ్లి తలుపు తీస్తారు. సప్లిమెంటరీ దాకా ఆగే ఓపిక చాలా ఇళ్లలో లేదు. ఆ 89.17లో తెలివి ఎంతో, భయం ఎంతో విడదీసి చెప్పే పరీక్షల బోర్డు లేదు.

ఇంకోటి. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో కొడుకు కాన్వెంటుకు, కూతురు సర్కారు బడికి. ఉదయం ఒకే గుమ్మంలోంచి ఒకడు టై కట్టుకుని వ్యానెక్కుతాడు, ఇంకొకత్తి నడిచి వెళ్తుంది. ఆ తేడా పదో తరగతిలో కనబడదు. ఆ పైన, డబ్బు పోసి కోచింగ్ కొనాల్సిన చోట బయటపడుతుంది. ఐఐటీల్లో ఆడపిల్లలు పది శాతం కూడా లేకపోవడంతో 2018లో వాళ్ల కోసం అదనపు సీట్లు సృష్టించాల్సి వచ్చింది. ఏటా పదో తరగతిలో పైచేయి అయిన వాళ్లే వీళ్లు.

పెళ్లి గడియారం ఇప్పటికీ ఆగలేదు. 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల మధ్య ఆడవాళ్లలో పద్దెనిమిది నిండకముందే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కళ్యాణమస్తు సాయానికి వధూవరులిద్దరూ పదో తరగతి పాసై ఉండాలని షరతు పెట్టింది. పెళ్లికి మార్కుల జాబితా అడిగే రోజు వస్తుందని కన్యాశుల్కం రాసిన గురజాడ కూడా అనుకుని ఉండడు. అది పిల్లను పదో తరగతి దాకా ఆపే గొళ్లెమో, పదో తరగతి అవగానే తీసే గొళ్లెమో తేలలేదు.

వచ్చే భాగంలో గురుకులాల కథ. దానికి ముందు పాఠకులను ఒక పని అడుగుతున్నాను. మీ ఇంట్లో అమ్మమ్మో, పెద్దమ్మో, మేనత్తో ఉంటే, ఏ తరగతిలో బడి మానిందో, ఆ రోజున ఇంట్లో ఏ పని మీద పడిందో అడిగి ఒక కార్డు ముక్క మీద రాసి పంపండి. పేర్లు వద్దు. తరగతి, ఏడాది, పని, ఈ మూడూ చాలు. మా పెద్దమ్మది నేను రాసిపెట్టాను: అయిదో తరగతి, 1958, మూడో తమ్ముడు.